చిందీ గుడ్డ

బట్ట సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదని నలభయ్యో ఏడు దగ్గరపడేదాకా నమ్మాను. మా తాత సిరిసిల్లలో గుంట మగ్గం మీద కూర్చున్నవాడు. మా నాయన సూరత్‌కు వలస వచ్చి లింబాయత్‌లో ఇరవై ఏడేళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. రాత్రి ఏడింటికి ఖాతాలోకి, అంటే సాంచెల షెడ్డులోకి, పోతే పొద్దున ఏడింటికి బయటపడేవాడు. ఇంటికొచ్చాక కూడా కాసేపు గట్టిగా అరిచి మాట్లాడేవాడు, సాంచెల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉండేది గనక. నేను మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో చదువుకున్నాను. ఇప్పుడు ఉధనాలో నాలుగు ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకుని రింగ్ రోడ్డు మార్కెట్ల వ్యాపారులకు జాబ్‌వర్క్ చేస్తున్నాను. చీర కొంగును వేళ్ళ మధ్య నలిపి చూసి అందులో ఏ నూలుందో, ఎంత పాలియెస్టర్ కలిసిందో చెప్పగలను.

అలాంటివాణ్ణి ఒక గుడ్డ దగ్గరే తప్పు చేశాను. చేసి, ఆ తప్పును తీసుకెళ్ళి ఇంకొకడి నెత్తిన పెట్టాను.

2022 దసరాకు కారు కొన్నాం. మా వంశంలో అదే మొదటి కారు. ముదురు నీలం రంగు. అమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బానెట్ మీద పసుపుతో ఓంకారం రాసింది. చూడటానికి నాయన లేడని అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఆ రోజే మనసులో అనుకున్నాను, ఈ బండిని నా చేతులతోనే చూసుకుంటానని.

మేముండే గోడాదరా సొసైటీలో పొద్దున్నే కార్లు తుడవడానికి ఒక కుర్రాడు వచ్చేవాడు. ఒడిశాలోని గంజాం జిల్లా వాడు, పంతొమ్మిదేళ్ళుంటాయి. సూరత్ సాంచెల మీద పనిచేసేవాళ్ళలో గంజాం వాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. ఇతని మేనమామ కూడా వేడ్ రోడ్డు వైపు ఒక ఖాతాలో పనివాడే. ఖాతాలోకి పోవడం ఇష్టం లేక కుర్రాడు ఈ పని పెట్టుకున్నాడు. కారుకు నెలకు ఐదు వందలు. ఒక బకెట్టు, ఒక పాత నూలు గమ్ఛా (తువ్వాలు), అంతే అతని సరంజామా. ఆ గమ్ఛాను ఎన్నిసార్లు ఉతికాడో, రంగు పూర్తిగా పోయి దూదిలా ఉండేది.

ఆ గమ్ఛా చూసి నాకు చిన్నతనంగా అనిపించింది. కొత్త కారు మీద ఇంత పాత గుడ్డా అనుకున్నాను. మర్నాడు మా యూనిట్ నుంచి ఒక మూట చిందీ తెచ్చి అతని చేతిలో పెట్టాను. చిందీ అంటే సూరత్‌లో అందరికీ తెలుసు, కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు. మా దగ్గర మిగిలేవన్నీ పాలియెస్టర్ ముక్కలే. కొన్నిటికి జరీ పోగులు, కొన్నిటికి చమ్కీలు అంటుకుని ఉంటాయి. అంచులు వేడి కత్తితో కోస్తాం, పోగులు ఊడకుండా. అలా కోసినచోట పాలియెస్టర్ కరిగి, చల్లారి, సన్నటి పూసలా గట్టిపడుతుంది. గోటితో గీరితే తెలుస్తుంది. ఇదంతా నాకు తెలిసిన విషయమే. మా మిషన్ల మీద నూనె తుడవడానికి మేం ఈ ముక్కలు ఎప్పుడూ వాడం, బజారులో బనియన్ వేస్ట్ కొని తెస్తాం. నూలు గుడ్డ నూనెను బాగా పీల్చుకుంటుంది, మా పాలియెస్టర్ ముక్కలు అంతగా పీల్చవు, ఇటు నుంచి అటు పూస్తాయి. మిషన్ విషయంలో గుర్తున్న సంగతి కారు విషయంలో ఒక్కనాడూ గుర్తుకు రాలేదు.

మూడో రోజో నాలుగో రోజో ఆ కుర్రాడు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

“శేఠ్, ఈ గుడ్డ చేతికే గుచ్చుకుంటోంది. నా గమ్ఛా మెత్తగా ఉంటుంది, దాంతోనే తుడవనా?”

“బట్ట గురించి నాకు చెప్తావా? ఇచ్చింది వాడు” అన్నాను.

అతను మళ్ళీ అడగలేదు.

ఆదివారాలు మాత్రం నేనే కడిగేవాణ్ణి. కుళాయికి పైపు తగిలించి, బకెట్లో బట్టలుతికే పొడి కలిపి, అదే చిందీతో గుండ్రంగా రుద్దేవాణ్ణి. మా అక్క కొడుకు వేసూలో ఉంటాడు. వాడు చాలాసార్లు పోరు పెట్టాడు.

“మామా, ఆటోమేటిక్ వాష్‌కు పోదాం. పది నిమిషాల పని. నువ్వు గిట్ల రుద్దుడు బండికి మంచిది కాదు.”

“మిషన్‌కు ఏం తెలుస్తదిరా? బ్రష్షులు గిర్రున తిరిగి రంగంతా గోకేస్తయి. సొంత చేతితోని కడిగితెనే బండి నిలుస్తది” అనేవాణ్ణి. ఆ మాట పూర్తి నమ్మకంతో అనేవాణ్ణి. చేత్తో చేసిందే పని అని మా ఇంట్లో మూడు తరాలుగా వింటున్న మాట. మాకు కష్టపడటమే మంచితనం కింద లెక్క. చెమట పట్టిందంటే పని బాగా జరిగిందనే అనుకుంటాం.

2024 జనవరి 11న, ఊళ్ళ పరిశుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాలు వచ్చాయి. ఇండోర్‌తో పాటు సూరత్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ సంతోషం ఎలాంటిదో ఇక్కడ పెరిగినవాళ్ళకు తెలుస్తుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాయన మమ్మల్ని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో కుక్కి వరంగల్‌లో దింపి, అక్కణ్ణుంచి ఊరికి చేర్చాడు. ఊళ్ళో మా పక్కన కూర్చోడానికి కూడా కొందరు భయపడ్డారు. మరుసటేడు ఎస్.ఆర్.రావు గారు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. పేరు వినగానే లింబాయత్‌లో మనవాళ్ళంతా మనవాడే అని చెప్పుకున్నారు. రాత్రిపూట రోడ్లు ఊడిపించడం, అధికారులను రోజూ వీధుల్లోకి పంపడం, చెత్తకు జవాబుదారీ పెట్టడం, వీటితో రెండేళ్ళలో ఊరి రూపు మారింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎవరింటి ముందు వాళ్ళు ఊడ్చుకోవడం వేరు, ఊరంతటి చెత్తా ఎటు పోవాలో దారి వేయడం వేరు. ప్లేగుకు ముందు కూడా మా గల్లీలో ఆడవాళ్ళు పొద్దున్నే వాకిళ్ళు ఊడ్చేవాళ్ళే. ఊడ్చిన చెత్త పక్క మోరీలోకి పోయేది. ఈ తేడా నా కళ్ళ ముందే జరిగినా నా బుర్రకెక్కలేదని తర్వాత తెలిసింది.

ఫలితాలు వచ్చిన మూడో రోజు ఉత్తరాయణం. ఆ రోజు సూరత్ మొత్తం గాలిపటాలు ఎగరేస్తూ మేడల మీదే ఉంటుంది. చుట్టాలు వస్తున్నారని పార్కింగ్ ఖాళీ చేయడానికి కారును బయట ఎండలో పెట్టాను. ఏటవాలుగా పడుతున్న ఆ ఎండలో బానెట్ చూసి నిలబడిపోయాను. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల గీతలు. తలుపుల మీద, డిక్కీ మీద, పైకప్పు మీద, అంతటా అదే. పదిహేను నెలల బండి పదేళ్ళ బండిలా కనిపించింది.

కుర్రాణ్ణి పిలిపించాను. చుట్టాలంతా చూస్తుండగా, పిల్లలు మాంజా చుట్టుకుంటూ నిలబడి వింటుండగా తిట్టాను. ఇసుక గుడ్డతో తుడిచావన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, దాన్ని ఇక్కడ రాయలేను. అతను ఒక్కటే మాట అన్నాడు: “శేఠ్, మీరిచ్చిన గుడ్డతోనే తుడిచాను.” ఎదురు మాట్లాడుతున్నాడని ఆ నెల జీతం ఇవ్వనన్నాను. సెక్రటరీకి చెప్పాను. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంకో ఆరేడు ఇళ్ళవాళ్ళు కూడా అతణ్ణి మానిపించారు. తర్వాత అతను రావడమే మానేశాడు.

ఆ వానాకాలం ఖాడీ, అంటే ఊళ్ళోంచి పోయే వాగు, పొంగింది. సూరత్‌కు తాపీ నది వరద ఒక భయమైతే, ఖాడీల వరద ఇంకో భయం. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటితో ఊళ్ళో చాలా భాగం మునిగింది, అది దేశమంతా విన్నది. ఖాడీల సంగతి అంత దూరం వినబడదు. లింబాయత్, పర్వత్ పాటియా వైపు మీఠీ ఖాడీ గట్టు దాటితే ఇళ్ళలోకి నల్లటి నీళ్ళు వస్తాయి. ఈసారి మా పార్కింగ్‌లోనూ పిక్కల దాకా వచ్చాయి. నీళ్ళు దిగాక కారు అడుగున బురద పేరుకుపోయింది. నా పైపుతో అక్కడికి అందదు. మేనల్లుడు ఇక నా మాట వినకుండా తాళాలు తీసుకుని డుమస్ రోడ్డు వైపున్న ఒక ఆటోమేటిక్ వాష్‌కు తీసుకెళ్ళాడు.

లోపలికి పంపే ముందు అక్కడి పనివాడు చేతిలో టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. ఎక్కడ సొట్ట ఉంది, ఎక్కడ గీత ఉంది, ముందే రాసుకుంటారట, తర్వాత పేచీలు రాకుండా. బానెట్ మీద వెలుగు వేసి ఆగాడు.

“కాకా, దీన్ని ఏ గుడ్డతో తుడుస్తారు?”

డిక్కీలో ఉన్న చిందీ తీసి చూపించాను. అతను దాన్ని పట్టుకుని అంచు మీద బొటనవేలు నడిపాడు. టార్చి వెలుగులో జరీ తళుక్కుమంది. పోగుల మధ్య ఇసుక రవ్వలు కూడా మెరిశాయి. అతనేమీ అనలేదు. ఆ గుడ్డను నా చేతికే ఇచ్చాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది గంజాం కుర్రాడి మాట. చేతికే గుచ్చుకుంటోంది, శేఠ్.

బండి లోపలికి వెళ్ళింది. గాజు కిటికీ పక్కన నిలబడి చూశాను. చూస్తున్నంతసేపూ అన్నాళ్ళూ నేను చేసిన పని ఎంత తలకిందులుగా ఉందో అర్థమవుతూ వచ్చింది. మిషన్ మొట్టమొదట బండిని ముట్టుకోలేదు. ముందు నీళ్ళ ధారలు గట్టిగా కొట్టాయి. దుమ్మూ ఇసుకా దాంతోనే చాలావరకు జారిపోయాయి. తర్వాత నురగ పూసి కొంచెంసేపు వదిలేసింది, మిగిలిన మట్టి నాని పట్టు వదిలేలా. ఆ తర్వాతే మెత్తటి ఫోమ్ పట్టీలు వచ్చి తాకాయి. అడుగు నుంచి వేరే ధారలు పైకి కొట్టాయి, బురద కరిగి కారుతుంటే నా కళ్ళతో చూశాను. చివర్న మంచి నీళ్ళు, గాలి. ఆరబెట్టడానికి ఎవరూ గుడ్డ పెట్టి రుద్దలేదు.

నేను చేసిందేమిటి? దుమ్ము మీదే గుడ్డ వేసి రుద్దాను. కారు రంగు మీద కనిపించని పూత ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పల్చన. ఎండ నుంచీ వాన నుంచీ రంగును కాచేది అదే. ఇసుక రవ్వ గుడ్డ కింద ఇరుక్కుని ఆ పూత మీద జరిగితే గీత పడుతుంది. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి సూర్యుడి చుట్టూ సాలెగూడులా కనిపిస్తాయి. బట్టలుతికే పొడి గురించి కూడా అక్కడే తెలిసింది. అది జిడ్డుతో పాటు రంగును కాపాడే మైనం పూతనూ ఊడ్చేస్తుంది. కారు షాంపూ ఘాటు తక్కువగా ఉండేలా చేసింది అందుకే.

కొన్ని గీతలు పాలిష్ పట్టిస్తే పోతాయన్నారు. పాలిష్ అంటే ఆ పూతనే ఇంకొంచెం అరగదీయడం. ఉన్నదే వెంట్రుకంత కూడా కాదు. ఒకసారి చేయించాను, రెండోసారి ధైర్యం చేయను.

కడిగిన నీళ్ళు ఎటు పోతాయో చూద్దామని, వెనకాల వాళ్ళ నీళ్ళ గుంతలు చూపించమని అడిగాను. వరసగా మూడు ఉన్నాయి. మొదటిదాంట్లో మట్టి కిందకు దిగుతుంది. రెండోదాంట్లో నూనె, గ్రీజు పైకి తేలితే వేరు చేస్తారు. మూడోదాని నీళ్ళను వడకట్టి మొదటి కడుగుకు మళ్ళీ వాడతారు. మా సూరత్ నగరం బమ్రోలీ దగ్గర ఇదే పనిని 2014 నుంచి పెద్ద ఎత్తున చేస్తోంది. రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగు నీటిని శుద్ధి చేసే కేంద్రం అక్కడుంది, ఆ నీళ్ళు పాండేసరా డైయింగ్ మిల్లులకు పోతాయి. నా వ్యాపారానికి వచ్చే బట్ట ఆ నీళ్ళలోనే రంగు దేలి వస్తుండవచ్చు.

ఇంటికొచ్చి నా పైపును కొలిచాను. పదిహేను లీటర్ల బకెట్టు యాభై సెకన్లలో నిండింది. ఆదివారం నేను పైపు కట్టేయకుండా ఇరవై నిమిషాలు కడుగుతాను. అంటే 360 లీటర్లు, తాపీ నుంచి తెచ్చి శుద్ధి చేసిన మంచినీళ్ళు. ఆ ఏడాది మార్చిలోనే బెంగళూరులో నీళ్ళు లేక, మంచినీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. టీవీలో ఆ వార్త చూసి జాలిపడ్డాను. మర్నాడు ఆదివారం, పైపు విప్పాను.

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. నేను కడిగిన నీళ్ళు సొసైటీ గేటు పక్కన వాననీటి జాలీలోకి పోయేవి. సూరత్‌లో మురుగు పైపులు వేరు, వాననీటి కాలువలు వేరు. మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది. వాననీటి కాలువలో పడింది అలాగే ఖాడీలోకో తాపీలోకో పోతుంది. మా వైపు నుంచి ఖాడీకి. నా సబ్బు నురగ, బండి నూనె, బ్రేకుల నుంచి రాలిన పొడి, అన్నీ నేను పుట్టి పెరిగిన లింబాయత్ వైపు నడిచాయి. అమ్మ ప్రతి వానాకాలం గడప మీద ఇసుక బస్తాలు పెట్టుకుని ఎదురుచూసిన ఖాడీలోకి. నా ఒక్క బండి నురగతో ఖాడీ చెడిపోలేదు, ఆ లెక్క నాకు తెలుసు. కానీ గోడాదరాలో ఆదివారం పొద్దున పైపులు పట్టుకుని నిలబడేది నేనొక్కణ్ణే కాదు.

బ్రష్షులంటే నాకున్న భయం పూర్తిగా అబద్ధం కాదు, అది కూడా చెప్పాలి. 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో మొదలైన కార్ల లాండ్రీలో బండిని మనుషులే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తోసి చేతులతో కడిగేవారు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌కు చెందిన గెబ్‌హార్డ్ వైగెలె, యోహాన్ సుల్జ్‌బెర్గర్ బ్రష్షులతో కడిగే తమ యంత్రానికి 1962లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. ఆ కాలపు గట్టి నైలాన్ బ్రష్షులు నిజంగానే గీతలు పెట్టేవి. ఇప్పుడు కూడా బ్రష్షులు శుభ్రం చేయని చోట, ముందు బండి మట్టి అందులోనే ఉండగా మన బండి తోస్తే అదే జరుగుతుంది. అందుకని నేనిప్పుడు ముందు బ్రష్షు చేత్తో పట్టుకుని చూస్తాను. ముందు నీళ్ళు కొడతారా, నీళ్ళు ఎటు పోతాయి అని అడుగుతాను. అసలు తాకకుండా నీళ్ళతో, నురగతోనే కడిగే యంత్రాలూ ఉన్నాయి, ముదురు రంగు బండికి నాకవే నచ్చాయి. కొత్తగా పెయింట్ వేయించిన బండిని కొన్నాళ్ళు యంత్రంలోకి పంపకపోవడమే మంచిది. తలుపు సందుల్లో మట్టి మిగిలితే నేనే తుడుస్తాను, తడి నూలు గుడ్డతో. డుమస్ సముద్రం దాకా వెళ్ళొస్తే ఆ వారమే అడుగు కడిగిస్తాను. ఉప్పు గాలికి ఇనుము ఎంత తొందరగా లొంగుతుందో మా మిషన్ల కాళ్ళు చూస్తే తెలుస్తుంది.

నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. అమ్మకు మొదట నచ్చలేదు, బండిని పరాయివాళ్ళకు అప్పగించినట్టుందంది. ఒకసారి తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. నురగ దిగుతుంటే చూసి, “నీళ్ళు మల్ల వాడుకుంటరా? మంచిగున్నది” అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

కుర్రాడి కోసం రెండు నెలలు వెతికాను. అతని ఫోన్ పనిచేయడం లేదు. మేనమామ ఖాతా వేడ్ రోడ్డు వైపని మాత్రమే తెలుసు. అక్కడ గంజాం వాళ్ళు తినే మెస్సులు చాలా ఉన్నాయి. సాయంత్రం పాళీ మారే వేళ ఒక్కొక్కటీ తిరిగి అడిగాను. దసరాకు ముందు దొరికాడు. మెస్సులో గోడకానుకుని అన్నం తింటున్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎంగిలి చేత్తోనే నిలబడ్డాడు. కూర్చోమన్నాను. నేనూ కింద కూర్చున్నాను.

తప్పు నాదని చెప్పాను. గుడ్డ నాదని, అతను చెప్పినా వినలేదని, గీతలు నా వల్లే పడ్డాయని, ఒక్కొక్క మాటా హిందీలో కూడబలుక్కుని చెప్పాను. బాకీ ఉన్న జీతం, దానికి ఇంకొంత కలిపి ఇచ్చాను. తీసుకుని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు:

“సెక్రటరీకి చెప్పారా?”

చెప్పలేదు. డబ్బు ఇస్తే సరిపోతుందని అనుకుని వెళ్ళాను. ఆ ఆదివారం సొసైటీ మీటింగులో లేచి అందరి ముందూ చెప్పాను. ఉత్తరాయణం నాడు ఎంతమంది ముందు తిట్టానో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. సెక్రటరీ దాన్ని మినిట్స్ పుస్తకంలో రాశాడు, కింద నేను సంతకం పెట్టాను. కుర్రాణ్ణి మళ్ళీ పెట్టుకుందామన్నాను. అప్పటికే అందరూ ఇంకొకణ్ణి కుదుర్చుకున్నారు. అతణ్ణి తీసేసి ఇతణ్ణి పెట్టడం న్యాయం కాదన్నారు, నిజమే. ఆ మాటా వేడ్ రోడ్డు వెళ్ళి కుర్రాడికి చెప్పాను. సరే అన్నాడు.

అతనిప్పుడు మేనమామ పనిచేసే ఖాతాలోనే సాంచెలు నడుపుతున్నాడు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. మా నాయన చేసిన పాళీ అదే.